పట్టా ముందా, మాత్ర ముందా

దళితవాడల్లో, కోయగూడేల్లో మనసు చెదిరిన మనిషికి ఆసరా ఎక్కడ దొరుకుతుంది? ఈ మాట మీద సత్తుపల్లిలో ఇద్దరు ఒక మధ్యాహ్నమంతా వాదించుకున్నారు. ఒకాయన ఆశ్రమ పాఠశాలల్లో పాఠాలు చెప్పి రిటైరైన కోయ మాష్టారు. ఊరు దమ్మపేట అవతల. పోడు కేసుల్లో గూడెం తరఫున ఆఫీసుల చుట్టూ తిరిగి చెప్పులరగదీసిన మనిషి. ఆవిడ ఇక్కడి దళితవాడలోనే పుట్టిన నర్సు. ఖమ్మంలో మానసిక రోగుల వార్డులో పనిచేస్తుంది, సెలవు దొరికితే చుట్టుపక్కల ఊళ్ళు తిరుగుతుంది. ఇద్దరూ తమ జనం కోసమే మాట్లాడారు, అందుకే ఎవరూ ఒక పట్టాన తగ్గలేదు. నేను విన్నంత రాస్తున్నాను. నా మాట చెప్పాల్సిన చోట దాచుకోలేదు.

మాష్టారు: ఆ టెలీ మానస్ ఫోను నంబరు 14416 మా గూడెం బడి గోడ మీద కూడా రాయించావు. మంచిదే. కానీ ఒక సంగతి చెప్పమ్మా. పోడు చెలకలో కందకం కొట్టి, మొక్కలు నాటి వెళ్ళింది సర్కారు. ఆ రాత్రి నుంచి నిద్రపోని మనిషికి ఫోను చేసుకోమని చెప్పేదీ సర్కారే. జనం నమ్మేదెట్లా?

సిస్టర్: నమ్మమని నేను అడగను సార్. మూడు వారాల నుంచి కంటి మీద కునుకు లేని ఆడమనిషి నా ముందు కూర్చుంటుంది. ఒళ్ళో పిల్ల ఏడుస్తున్నా ఉలుకూ పలుకూ ఉండదు. ‘నేనుండి ఏం లాభం’ అంటుంది. పట్టా వచ్చేదాకా ఓపిక పట్టమని ఆమెకు చెప్పమంటారా?

మాష్టారు: ఓపిక పట్టమనడం లేదు. జబ్బని పేరు పెట్టి చేతులు దులుపుకోకండి అంటున్నాను. అటవీ హక్కుల చట్టం 2006లో వచ్చింది. మొదట కొందరికి పట్టాలిచ్చారు, తర్వాత ఏళ్ళ తరబడి ఊసే లేదు. 2023 జూన్ 30న ఆసిఫాబాద్‌లో మొదలుపెట్టి మళ్ళీ పంచారు, లక్షన్నర మందికి ఇచ్చామన్నారు. ఈ మధ్యలో కేసులు, వాయిదాలు, ఆఫీసులో ‘రేపు రా’ అనే మాట. ఇన్నేళ్ళు రేపురేపని తిప్పితే ఏ మనిషి మనసు నిలబడుతుంది? అటు చూడు, కుక్కునూరు, వేలేరుపాడు. మా చుట్టాలు సగం మంది అక్కడే. 2014లో పోలవరం ముంపు పేరుతో ఆ మండలాలు ఆంధ్రలో కలిశాయి. ఊళ్ళకు ఊళ్ళు లేచి కాలనీలకు పోయాయి. వేల్పులను నిలిపిన చోటు నీళ్ళ పాలు, చచ్చినవాళ్ళను పెట్టిన చోటు నీళ్ళ పాలు. ముసలాళ్ళు సిమెంటు గడప మీద కూర్చుని రోడ్డు వంక చూస్తుంటారు. దానికి నీ దగ్గర మాత్ర ఉందా?

సిస్టర్: లేదు సార్. ఆ దిగులు జబ్బు కాదు, దాన్ని జబ్బు అన్న డాక్టరు ఎవరైనా ఉంటే ఆయనతో నేనే పోట్లాడతాను. కానీ కాలనీలో కూర్చున్న పదిమందిలో ఒకరు తిండి మానేస్తారు. ఒకరికి గోడల్లోంచి తిట్లు వినబడతాయి. ఒకరు తెల్లారగట్ల మూడింటికి లేచి అదే పనిగా ఏడుస్తారు, పగలు పనిలోకి పోలేరు. నెల దాటినా అదే తీరు. కష్టం అందరిదీ ఒకటే, జబ్బు మాత్రం అందరికీ రాదు. వచ్చినవాళ్ళకు వైద్యం ఉంది. డాక్టరు కూడా ముందు మాత్ర రాయడు. రక్తం తక్కువుందా, థైరాయిడ్ ఉందా చూస్తాడు. మా ఆడవాళ్ళలో సగం నీరసం రక్తహీనతే.

మాష్టారు: ఎంతమందికి అందుతోంది నీ వైద్యం?

సిస్టర్: చాలా తక్కువమందికి. బెంగళూరు నిమ్‌హాన్స్‌వాళ్ళు 2015-16లో జాతీయ సర్వే చేశారు. దిగులు, ఆందోళన లాంటి మామూలు మానసిక జబ్బులున్న వందమందిలో 85 మందికి ఏ వైద్యమూ అందడం లేదని తేలింది. అది దేశం మొత్తం లెక్క. గూడేల్లో ఎంతో మీరే ఊహించుకోండి. నేరాల రికార్డు బ్యూరో లెక్కల్లో 2022లో దేశంలో లక్షమందికి 12.4 మంది ప్రాణాలు తీసుకుంటే మన తెలంగాణలో 26.3. రెట్టింపు పైన. ఇవి చూస్తూ పట్టా ముందా మాత్ర ముందా అని వాదించుకోవడం నా వల్ల కాదు.

మాష్టారు: ఆ 26లో కూలోళ్ళెంతమంది, కౌలు రైతులెంతమంది, అప్పులెంత అని అడుగు. అప్పుడు తెలుస్తుంది జబ్బెక్కడుందో.

(సరిగ్గా ఈ మాట దగ్గర ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగ్ జరిగింది. ముందు సైరన్, తర్వాత కాళ్ళ కింద నేల అదిరింది. అల్మారాలో స్టీలు గ్లాసులు ఒకదానికొకటి తగిలి గలగలమన్నాయి. గోడ మీద నెర్రె పొడవునా సన్నగా సున్నం రాలింది. మేం కూర్చున్న ఇంటివాళ్ళు తలెత్తి కూడా చూడలేదు. మంచం మీద పడుకున్న పసిపిల్ల మాత్రం రెండు చేతులూ చాచి ఉలిక్కిపడి ఏడుపందుకుంది.)

మాష్టారు: చూశావా. జలగం వెంగళరావు గారి పేరు పెట్టిన గని. ఆయన మన ప్రాంతం నుంచి ముఖ్యమంత్రి అయినందుకు గర్వపడ్డాం. ఆయన పేరుమీది గనిలో బాంబు పేలినప్పుడల్లా ఊళ్ళో ఇళ్ళు అదురుతున్నాయి. ఈ పిల్ల పెద్దదై గుండెదడ అంటూ మీ వార్డుకు వస్తే ఏం రాస్తారు చీటీ మీద? ‘ఆందోళన’ అని రాస్తారు. గని అని రాస్తారా?

సిస్టర్: రాయరు. రాయాలి. అది నేనూ ఒప్పుకుంటాను. కులం సంగతీ అంతే సార్. హైదరాబాద్‌లో చదువుకోడానికి పోయిన మా వాడ పిల్లాడు మధ్యలో వచ్చేశాడు. గదిలోంచి బయటికి రాడు. డాక్టరు నిద్ర, ఆకలి, చదువు అన్నీ అడిగాడు. హాస్టల్లో నిన్ను ఎవరైనా ఏమన్నా అన్నారా అని అడగలేదు. నేను పక్కకు పిలిచి అడిగితే గంటసేపు చెప్పాడు. 2016 జనవరిలో హైదరాబాద్ యూనివర్సిటీ విద్యార్థి రోహిత్ వేముల పోయాక దేశమంతా మాట్లాడారు. ఓపీ గదిలో ఆ ప్రశ్న అడగడం మాత్రం ఇంకా అలవాటు కాలేదు.

మాష్టారు: మరి? నా మాటే నువ్వూ చెబుతున్నావు.

సిస్టర్: కాదు. ఆ పిల్లాడు మాత్రలు కూడా వేసుకున్నాడు. ఆరు వారాలకు గదిలోంచి బయటికొచ్చాడు. ఇప్పుడు తనను అన్నవాళ్ళ మీద ఫిర్యాదు రాస్తానంటున్నాడు. మంచం మీద పడుకున్నప్పుడు రాయగలిగేవాడా? పోరాటం చెయ్యడానికైనా లేచి నిలబడే మనిషి కావాలి గదా సార్.

మాష్టారు కాసేపు మాట్లాడలేదు. ఈ వాదనలో నాకు అన్నిటికన్నా బలంగా తోచిన మాట అదే. అయినా ఆయన దగ్గర అంతకన్నా గట్టి ప్రశ్న ఇంకోటుంది. అది భాష.

మాష్టారు: సరే, వైద్యం కావాలి. ఏ భాషలో? ఫ్రాంట్జ్ ఫానన్ అని ఒక నల్లజాతి డాక్టరు ఉండేవాడు. మార్టినీక్ దీవిలో పుట్టి, 1953లో అల్జీరియాలో బ్లిదా పిచ్చాసుపత్రికి పెద్ద డాక్టరుగా పోయాడు. యూరపు ఆడవాళ్ళ వార్డులో సంగీతం, వేడుకలు, చిన్న పత్రిక పెడితే రోగులు కోలుకున్నారు. అవే పనులు అల్జీరియా ముస్లిం మగవాళ్ళ వార్డులో చేస్తే ఒక్కడూ కదల్లేదు. తప్పు రోగిది కాదు, మనదేనని ఆయన గ్రహించాడు. వాళ్ళ తీరు కాఫీ హోటలు, వాళ్ళ పండుగలు, వాళ్ళ కథలు చెప్పేవాడు వార్డులోకి వచ్చాకే వాళ్ళు నోరు విప్పారు. మరి మా కోయ ముసలమ్మ మీ ఓపీలో నోరు విప్పుతుందా? తెలుగులో ‘మనసు ఎట్లా ఉంది’ అంటే ‘బాగుంది సారూ’ అని చేతులు కట్టుకుంటుంది. చదువుకున్నవాడి ముందు మా వాళ్ళు ఎప్పుడూ చెప్పే మాట అదే.

సిస్టర్: నిజమే. టెలీ మానస్ 2022 అక్టోబరు 10న మొదలైంది, రాత్రీపగలూ పలుకుతుంది, పైసా ఖర్చు లేదు. ఇరవై భాషలున్నాయి. తెలుగు ఉంది, కోయ లేదు. మా వార్డులోనూ కోయ మాట్లాడేవాళ్ళు లేరు. నేను ముందుగా చేసే పని మాత్రల పట్టీ తీసుకోవడం. పేర్లన్నీ ఇంగ్లీషులో ఉంటాయి. రెండు పట్టీలూ చూడ్డానికి ఒక్క తీరే. పొద్దుటి మాత్ర వెనక మార్కర్‌తో సూర్యుణ్ణి గీస్తాను. రాత్రి మాత్ర వెనక నెలవంక. పట్టీ కత్తిరించేటప్పుడు బొమ్మ పోకుండా ప్రతి మాత్ర వెనకా చిన్నగా గీస్తాను. తల్లి చేతిలో పెట్టి ఏది ఎప్పుడో చూపించమంటాను. ఆమె వేలు పెట్టి చూపించాకే పంపిస్తాను. మందు పనిచెయ్యడానికి రెండు మూడు వారాలు పడుతుందని కూడా అప్పుడే చెప్పాలి. లేకపోతే నాలుగు రోజులు వేసి గుణం లేదని పారేస్తారు. తగ్గగానే మానేసేవాళ్ళు ఇంకొందరు. అదీ ప్రమాదమే.

మాష్టారు: నువ్వు గీస్తావు. నువ్వు సెలవు పెట్టిన రోజు?

సిస్టర్: ఎవరూ గీయరు.

మాష్టారు: గుత్తికోయల సంగతి ఇంకా ఘోరం. 2005లో ఛత్తీస్‌గఢ్‌లో మావోయిస్టులపై సల్వాజుడుం పోరు మొదలయ్యాక ఊళ్ళు తగలబడితే ప్రాణాలరచేత పట్టుకుని గోదావరి దాటి వచ్చారు. ఆ జుడుం పద్ధతి రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు 2011లో తీర్పు చెప్పింది, వీళ్ళ ఊళ్ళు మాత్రం తిరిగి రాలేదు. ఇక్కడ ఎస్టీ సర్టిఫికెట్టు లేదు, భూమి లేదు. 2022 నవంబరులో చండ్రుగొండ మండలంలో అటవీ రేంజి అధికారి హత్య జరిగింది. ఘోరం, ఎవరు చేసినా తప్పే. కానీ ఆ తర్వాత ప్రతి గుత్తికోయ గుడిసె మీదా అనుమానం వాలింది. చిన్నప్పుడు ఇల్లు కాలడం చూసిన పిల్లలు ఇప్పుడు తల్లులు, తండ్రులు. యూనిఫారం కనబడితే అడవిలోకి పరిగెడతారు. వాళ్ళ బుర్రలో ఏం తిరుగుతోందో ఎవరడిగారు?

సిస్టర్: ఆశ కార్యకర్త అడుగుతుంది సార్, జ్వరం గురించి, బాలింతల గురించి. రాత్రి కేకలు పెట్టి లేస్తున్నారా అని అడగమని ఆమెకు ఎవరూ నేర్పలేదు. 2022 జూలైలో గోదావరి భద్రాచలం దగ్గర 71.3 అడుగులకు చేరినప్పుడు కూడా ఇంతే. బియ్యం ఇచ్చారు, క్లోరిన్ బిళ్ళలిచ్చారు, దోమతెరలిచ్చారు. ఆ రాత్రుల తర్వాత వాన చినుకు పడితే లేచి కూర్చునేవాళ్ళను ఎవరూ లెక్కపెట్టలేదు.

మాష్టారు: అందుకే అంటున్నాను, మా మనుషులకు మా మనుషులే కావాలి. అమెరికాలో నల్లవాళ్ళు అదే అడుగుతున్నారు. బీబీ మూర్ కాంప్‌బెల్ అనే నల్లజాతి రచయిత్రి తన బిడ్డ జబ్బు కోసం తిరిగి తిరిగి, తనవాళ్ళ కోసం పోరాడింది. ఆమె పోయాక 2008లో అక్కడి కాంగ్రెసు జూలై నెలను మైనారిటీల మానసిక ఆరోగ్యానికి ఆమె పేరున కేటాయించింది. మాకు మా పూజారి వడ్డె ఉన్నాడు. ఎవరి ఇంట్లో ఏం జరిగిందో తెలిసిన మనిషి. వేల్పు ముందు కూర్చోబెట్టి అందరి మధ్య మాట్లాడిస్తాడు. మీ డాక్టరు ఐదు నిమిషాల్లో పంపించేస్తాడు, వడ్డె రాత్రంతా కూర్చుంటాడు.

సిస్టర్: రాత్రంతా కూర్చునే వడ్డె మీద నాకు గౌరవమే సార్. కానీ మూర్ఛ వచ్చిన పిల్లకు వాతలు పెట్టినవాళ్ళను చూశాను. బాలింతకు మతి తప్పితే దయ్యమని గదిలో కట్టేసినవాళ్ళను చూశాను. చేతబడి చేసిందన్న అనుమానంతో ముసలివాళ్ళను చంపిన వార్తలు మన ఏజెన్సీలో ఇప్పటికీ వస్తున్నాయి. తమిళనాడు ఏర్వాడిలో 2001 ఆగస్టు 6న ఏం జరిగింది? నయమవుతుందని దర్గా దగ్గర గొలుసులతో కట్టేసిన వాళ్ళలో 28 మంది మంటల్లో కాలిపోయారు. పరిగెత్తడానికి కాళ్ళు విడిగా లేవు. 2017 మానసిక ఆరోగ్య చట్టం మనిషిని గొలుసుతో కట్టడం ఏ రూపంలోనూ పనికిరాదంది, ఊరికే అనలేదు.

మాష్టారు: మా వడ్డె గొలుసులు వెయ్యడు.

సిస్టర్: అయితే ఆయన్నే నా వైపు రమ్మనండి. గుజరాత్‌లో మెహసానా జిల్లా ఉనావాలో మీరా దాతార్ దర్గా ఉంది. 2008 నుంచి అక్కడ దువా ఇచ్చే ముజావర్లే రోగిని పక్కనున్న డాక్టరు దగ్గరికి పంపుతున్నారు. దువా ఆగలేదు, దవా మొదలైంది. మన వడ్డెలకు నాలుగు గుర్తులు చెబితే చాలు. తనలో తాను మాట్లాడుకుంటున్నాడా, తిండి నిద్ర పూర్తిగా పోయాయా, మూర్ఛ వస్తోందా, చావు మాట ఎత్తుతున్నాడా. ఈ నాలుగిట్లో ఒకటి కనబడితే పూజ చెయ్యండి, చేసి బస్సు ఎక్కించండి.

మాష్టారు: వడ్డెను మీ ఆసుపత్రికి మనుషుల్ని తోలే ఏజెంటును చేస్తారన్నమాట. నాకది రుచించదు. ఆయన చోటు ఆయనకుండాలి.

(ఇక్కడ నేను మాష్టారితో ఏకీభవించలేను. పెద్దరికం ఉన్న మనిషి చెబితేనే గూడెం కదులుతుంది. ఆ పెద్దరికం ఒక ప్రాణం నిలబెట్టడానికి పనికొస్తే వడ్డెకు అంతకన్నా గౌరవం ఏముంది?)

సిస్టర్: పోనీ, మీవాళ్ళే కావాలన్నారు గదా. కోయ మాట్లాడే సైకియాట్రిస్టు తయారయ్యేదాకా ఎన్నేళ్ళు? జింబాబ్వేలో డిక్సన్ చిబాండా అనే డాక్టరు 2006లో ఇదే ఇబ్బందిలో పడ్డాడు. దేశం మొత్తానికి మానసిక వైద్యులు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది. ఊరి అవ్వలకు శిక్షణ ఇచ్చాడు. క్లినిక్ బయట చెట్టు కింద బల్ల వేసి కూర్చోబెట్టాడు. వచ్చినవాళ్ళ కష్టం వినడం, అందులో ఒక్కటి పట్టుకుని ఏం చెయ్యొచ్చో వాళ్ళ చేతే ఆలోచింపజెయ్యడం. అంతే పని. 2016లో ఫలితాలు పెద్ద వైద్య పత్రికలో వచ్చాయి, దిగులు జబ్బు బాగా తగ్గిందని. మన దమ్మపేట, అశ్వారావుపేట గూడేల్లో అవ్వలు లేరా? కొత్తల పండుగ నాడు నలుగురినీ కూర్చోబెట్టేది వాళ్ళేగా.

మాష్టారు: అవ్వలైతే సరే. జీతం ఎవరిస్తారు? మా ఆడవాళ్ళ చేత ఉత్తపుణ్యానికి పని చేయించుకోవడం సర్కారుకు అలవాటే. ఆశలను చూస్తూనే ఉన్నాం, ఎన్నిసార్లు రోడ్డెక్కారో.

సిస్టర్: ఇవ్వాల్సిందే. అడగండి. అడగడానికి చట్టం ఉంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 18వ సెక్షన్. కులం, మతం, వర్గం, ఏ తేడా లేకుండా ప్రతి మనిషికీ వైద్యం పొందే హక్కుంది. ‘కులం’ అన్న మాట చట్టంలోనే ఉంది సార్. దారిద్ర్యరేఖకు దిగువనున్నవాళ్ళకు ఉచితం. రోగి దూరాభారం పోనక్కర్లేకుండా ఇంటికి దగ్గర్లో సేవలుండాలి. జిల్లాలో కనీస సేవలు లేకపోతే అదే జిల్లాలో ఇంకోచోట చేయించుకున్న వైద్యానికి ఖర్చు ప్రభుత్వం భరించాలి.

మాష్టారు: ఇంకోసారి చెప్పు. దూరం పోనక్కర్లేదనా?

సిస్టర్: అవును. సత్తుపల్లి నుంచి ఖమ్మం దాదాపు ఎనభై కిలోమీటర్లు. మీ గూడెం నుంచి ఇంకా ఎక్కువ. తోడు మనిషి కూలి పోతుంది, రెండు బస్సులు మారాలి, రోగి మధ్యలో దిగి పారిపోతే వెతుక్కోవాలి. హైదరాబాద్ ఎర్రగడ్డ ఆసుపత్రి అంటే పోను రాను ఒక పగలూ రాత్రీ ప్రయాణం. ఇంకోటి కూడా వినండి. ప్రాణం తీసుకోబోయి బతికిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే లెక్క, శిక్షించకూడదు, వైద్యం చేయించాల్సిన బాధ్యత ప్రభుత్వానిదని 115వ సెక్షన్. 2024 జూలై నుంచి కొత్త న్యాయ సంహితలో పాత 309 కేసే లేదు. పోలీసు కేసవుతుందని భయపడి ఇంట్లో దాచిపెట్టి చంపుకున్న కుటుంబాలున్నాయి మా వాడలో. ఈ ఒక్క సంగతి చెప్పడానికి నేను ఇల్లిల్లూ తిరుగుతున్నాను.

మాష్టారు: ఇది ముందు చెప్పాలి గదమ్మా నువ్వు. మాత్ర అంటే నాకు దానం కనబడింది. ఇది హక్కు. దమ్మపేట ఏజెన్సీ మండలం, 1996 పెసా చట్టం మాకుంది. గ్రామసభలో తీర్మానం పెడతాను. వారానికొకసారి మానసిక వైద్యుడు దమ్మపేట, సత్తుపల్లి ఆసుపత్రులకు రావాలి. కోయ మాట్లాడే మనిషిని జీతమిచ్చి పక్కన పెట్టాలి. భద్రాచలం ఐటీడీఏకూ, కలెక్టరుకూ కాగితం. అందులో పట్టాల మాట కూడా రాస్తాను, చెబుతున్నా ముందే. పోడు సంగతి లేకుండా మనసు సంగతి నేను రాయను.

సిస్టర్: రాయండి. మీరు తీర్మానం రాసేలోపు, మూడు వారాలుగా నిద్రలేని ఆ బాలింతను ఏం చేద్దాం? మీ గూడెం పిల్లే గదా ఆమె. అసలు మనం కూర్చున్నదే ఆ పని మీద.

మాష్టారు: ఆదివారం వేల్పు దగ్గర ముడుపు కట్టాలంటున్నారు వాళ్ళ అత్తగారు. అది కానివ్వు. వాళ్ళ మాట కొట్టేస్తే ఆ ఇంటి గడప మళ్ళీ తొక్కనివ్వరు.

సిస్టర్: సరే, కానివ్వండి. సోమవారం పొద్దున మొదటి బస్సుకు మీరే తీసుకురండి. డాక్టరు ముందు ఆమె మాట మీరు తెలుగు చెయ్యండి. మగమనిషి ముందు చెప్పలేని సంగతులుంటాయి, వాళ్ళ చిన్నమ్మను కూడా తెండి. పిల్లను వదిలి రావద్దు, పాలు తాగే పిల్ల అని చెబితే దానికి తగిన మందే రాస్తారు. ఆధార్, రేషన్ కార్డు మర్చిపోకండి. అప్పటిదాకా ఆమెను ఒంటరిగా ఉంచకూడదు, పిల్లను ఒంటరిగా ఆమె దగ్గరా ఉంచకూడదు. రాత్రి పక్కన ఒకరు పడుకోవాలి. ఇంట్లో పురుగుమందు డబ్బాలేమన్నా ఉంటే ఈరోజే తీయించెయ్యండి.

మాష్టారు: అత్తగారు ఒప్పుకుంటుంది. నేను చెబుతాను.

సిస్టర్: ఇంకొక్కటి సార్. ఆ ‘ఉండి ఏం లాభం’ అన్న మాట మళ్ళీ అన్నా, పిల్లను ఏమైనా చేస్తానన్నా, ఆదివారం లేదు, ముడుపు లేదు. ఆ నిమిషమే 108కి చెయ్యండి. అర్ధరాత్రైనా నాకూ చెయ్యండి.

మాష్టారు: మా గూడెంలో సిగ్నల్ చెరువు కట్ట మీదే వస్తుంది.

సిస్టర్: అయితే ఆ కట్ట దాకా పరిగెత్తగలిగే కుర్రాడు ఎవరో ఈ రాత్రే అనుకుని పెట్టుకోండి.